హైస్కూల్ టెన్నిస్ టీమ్‌లో మా అబ్బాయి మొదటి మ్యాచ్, అది నేర్పిన పాఠాలు

మీరు రెండు విషయాలు అడిగారు. న్యూజెర్సీలో తొమ్మిదో తరగతి చదువుతున్న మీ బాబు చిన్నప్పటి నుంచి అకాడమీలో సింగిల్సే ఆడుతూ వచ్చాడు, హైస్కూల్ వార్సిటీ టీమ్‌లో (స్కూల్ ప్రధాన జట్టులో) మాత్రం కోచ్ సెకండ్ డబుల్స్‌లో వేశారు. సీజన్ మొదట్లో జరిగే మ్యాచ్‌ల్లో ఏం ఎదురవుతుంది, ఏం నేర్చుకోవాలి అన్నది మొదటిది. ఈ డబుల్స్ సంగతి కోచ్‌తో మాట్లాడాలా వద్దా అన్నది రెండోది. మా అబ్బాయి కూడా ఇదే దారిలో వచ్చాడు. మా అనుభవంలోకి వచ్చింది రాస్తున్నాను.

ముందుగా చెప్పాల్సింది, సెకండ్ డబుల్స్‌ని తక్కువగా చూడకండి. న్యూజెర్సీలో స్కూళ్ల మధ్య మ్యాచ్ అంటే ఐదు కోర్టులు: మూడు సింగిల్స్, రెండు డబుల్స్. మొత్తం ఏడుగురు ఆడతారు. సింగిల్స్ ఆడినవాళ్లు ఆ మ్యాచ్‌లో డబుల్స్ ఆడకూడదు. ఐదింట్లో మూడు గెలిచిన స్కూల్‌దే మ్యాచ్. ఫస్ట్ సింగిల్స్ కుర్రాడు 6-0, 6-0తో చితక్కొట్టినా టీమ్‌కి వచ్చేది ఒక్క పాయింటే. సెకండ్ డబుల్స్ పిల్లలు మూడో సెట్ టైబ్రేకర్‌దాకా లాగి గెలిచినా ఒక్క పాయింటే. ప్రతి స్కూల్లో గట్టి సింగిల్స్ ఆటగాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లు ఎవరి మీద గెలుస్తారో, ఎవరి చేతిలో ఓడతారో కోచ్‌లకి ముందే ఒక అంచనా ఉంటుంది. అంచనాకి అందనివి మిగతా కోర్టులు. మేం చూసిన హోరాహోరీ మ్యాచ్‌ల్లో చాలావరకు తేలింది అక్కడే.

మన ఇళ్లలో టెన్నిస్ అంటే ఒక్కరి ఆటే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే పిల్లల్ని అకాడమీలో చేర్పించి ఆలిండియా టెన్నిస్ సంఘం (ఏఐటీఏ) టోర్నమెంట్లకి ఊరూరూ తిప్పుతాం. ఇక్కడ అమెరికా టెన్నిస్ సంఘం (యూఎస్‌టీఏ) టోర్నమెంట్లకి అదే తిరుగుడు. వాడి డ్రా, వాడి ర్యాంకు, వాడి పాయింట్లు. డబుల్స్ అనేసరికి అదేదో రెండో రకం ఆట అన్నట్టు మాట్లాడతాం. సానియా మీర్జా గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లూ డబుల్స్‌లో వచ్చినవే, మూడు మహిళల డబుల్స్, మూడు మిక్స్‌డ్. 2015లో ఆమె ప్రపంచ నంబర్ వన్ అయింది కూడా డబుల్స్‌లోనే. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అమెరికా వచ్చి అలబామా యూనివర్సిటీ టీమ్‌కి ఆడాడు, 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. మీ బాబు మొహం చిన్నబుచ్చుకుని ఇంటికొస్తే ఈ మాటలు చెప్పండి. మా ఇంట్లో ఇవి బాగానే పనిచేశాయి.

ఇక మ్యాచ్ సంగతి. ఇక్కడ మగపిల్లల సీజన్ వసంతంలో ఉంటుంది, ఆడపిల్లలది సెప్టెంబరు నుంచి. మార్చి మధ్యలో ప్రాక్టీసు మొదలైందంటే రెండు మూడు వారాల్లోనే మ్యాచ్‌లు వచ్చేస్తాయి. చలికాలమంతా మన పిల్లలు ఇండోర్ కోర్టుల్లో ఆడి ఉంటారు. అక్కడ గాలి ఉండదు, కళ్లలో ఎండ పడదు, బంతి అనుకున్న ఎత్తుకి లేస్తుంది. ఏప్రిల్ మొదట్లో బయట కోర్టు మీదికి రాగానే అదంతా తారుమారవుతుంది. 100 అంగుళాల ఎత్తు నుంచి వదిలితే బంతి 53 నుంచి 58 అంగుళాలు లేవాలన్నది నిబంధన, కానీ ఆ లెక్క మామూలు గది వేడికి. చలిలో బంతి లోపలి పీడనం తగ్గుతుంది, రబ్బరు బిగుసుకుపోతుంది. నడుము ఎత్తుకి వస్తుందనుకున్న బంతి మోకాళ్ల దగ్గరే ఆగిపోతుంది. అకాడమీలో ఒకే ఎత్తులో వచ్చే బంతికి అలవాటుపడ్డ చేతులకి ఇది పెద్ద దెబ్బ. మొదటి వారం మీ బాబు ఫోర్‌హ్యాండ్ నెట్‌కి తగులుతుంటే ఆట మర్చిపోయాడని కంగారుపడకండి. మోకాళ్లు ఇంకొంచెం వంచి, బంతికి ఒక అడుగు ముందుకొచ్చి ఆడాలి. ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది.

మావాడి మొదటి మ్యాచ్ పక్క టౌన్ స్కూల్లో. విపరీతమైన గాలి. ఒక వైపు నుంచి సర్వ్ చేస్తే బంతి గీత దాటిపోతోంది, ఇంకో వైపు నుంచి చేస్తే నెట్ దాటడమే గగనం. పార్టనర్ పన్నెండో తరగతి అబ్బాయి. టెన్నిస్ హైస్కూల్లో చేరాకే మొదలుపెట్టాడు, చలికాలంలో బాస్కెట్‌బాల్ ఆడతాడు. స్ట్రోకులు చూస్తే అకాడమీ పిల్లల ముందు నిలిచేవి కావు. అతనితో జత కట్టినందుకు మావాడికి లోపల కాస్త అసంతృప్తి ఉండేది, ఇంట్లో ఆ మాట అన్నాడు కూడా.

మొదటి సెట్ సగమయ్యేసరికి ఫెన్స్ బయట నిలబడ్డ మాకు ఒకటి స్పష్టంగా కనిపించింది. ఆ కోర్టుని నడిపిస్తున్నది పార్టనర్. బంతి గాల్లో ఉండగానే ‘మైన్’, ‘యువర్స్’ అని గట్టిగా అరుస్తున్నాడు. తల మీదుగా లాబ్ వెళ్తే ‘స్విచ్’ అంటూ అప్పటికే అటు పరుగెడుతున్నాడు. పాయింట్ గెలిచినా పోయినా వచ్చి రాకెట్‌కి రాకెట్ తాకిస్తున్నాడు. మావాడు మాత్రం నోరు విప్పడు. ఏళ్ల తరబడి సింగిల్స్ ఆడిన పిల్లలకి కోర్టు మీద మాట్లాడే అలవాటే ఉండదు, ఎవరితో మాట్లాడతారు పాపం. డబుల్స్‌లో మాట కూడా ఒక షాటే. మొదటి సెట్ 6-4తో గెలిచారు, అందులో పెద్ద వాటా ఆ అబ్బాయి గొంతుదే అంటాను.

రెండో సెట్లో అవతలి జంట ఒక్క మార్పు చేసింది. బలంగా కొట్టడం మానేసి ప్రతి రిటర్న్‌నీ మావాళ్లిద్దరి మధ్యలోకి పంపడం మొదలుపెట్టారు. టెన్నిస్ నెట్ స్తంభాల దగ్గర మూడున్నర అడుగులుంటే మధ్యలో 3 అడుగులే. అంటే మధ్యలోకి కొట్టేవాడికి ఆరు అంగుళాలు కలిసొస్తాయి. పైగా ఆ బంతి ఎవరు తీయాలో ఇవతలి ఇద్దరూ క్షణంలో తేల్చుకోవాలి. రెండో సెట్ 3-6తో పోయింది. అంతలో మిగతా నాలుగు కోర్టుల్లో ఆటలు అయిపోయాయి. ఫస్ట్ సింగిల్స్, థర్డ్ సింగిల్స్ మనవి, సెకండ్ సింగిల్స్, ఫస్ట్ డబుల్స్ వాళ్లవి. స్కోరు 2-2. రెండు టీమ్‌ల పిల్లలూ జాకెట్లు వేసుకుని మా ఫెన్స్ దగ్గరికి వచ్చేశారు. తొమ్మిదో తరగతి పిల్లాడికి అంత టెన్షన్ అదే మొదటిసారి. టోర్నమెంట్లలో ఓడిపోతే బాధ వాడొక్కడిదే, ఇక్కడ పన్నెండు మంది పిల్లలు వాడి సర్వ్ వైపే చూస్తున్నారు.

మూడో సెట్ 4-4 దగ్గర జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. అవతలి కుర్రాడు కొట్టిన బంతి బేస్‌లైన్ మీద పడిందో, కాస్త అవతల పడిందో. మావాడు వేలెత్తి ‘అవుట్’ అన్నాడు. అదే క్షణంలో పార్టనర్ ‘నో, ఇట్స్ గుడ్’ అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పార్టనర్ ఆలోచించలేదు, బంతి తీసి నెట్ మీదుగా వాళ్లకి ఇచ్చేసి ‘యువర్ పాయింట్’ అన్నాడు.

హైస్కూల్ మ్యాచ్‌ల్లో మామూలుగా అంపైర్ ఉండరు. మన వైపు పడ్డ బంతికి మనమే కాల్ చెయ్యాలి. యూఎస్‌టీఏ ప్రచురించే ‘ది కోడ్’ అనే నియమావళిని పిల్లల చేత ఒకసారి చదివించండి, చిన్నదే. గీతని ఏమాత్రం తాకినా బంతి ఇన్. అనుమానం ఉంటే అది ప్రత్యర్థికే అనుకూలం. డబుల్స్‌లో ఒకరు అవుట్ అని, ఒకరు ఇన్ అంటే అది ఇన్ కిందే లెక్క, పాయింట్ అవతలివాళ్లది. మావాడికి ఈ రూల్ తెలియక కాదు. 4-4 దగ్గర, అందరూ చూస్తుండగా, సొంత పార్టనరే కాదనేసరికి వాడి మొహం ఎర్రబడింది. ఇంటికొచ్చే దారిలో కారులో ‘వాడు ఎవరి టీమ్?’ అన్నాడు కోపంగా. నేనేమీ జవాబు చెప్పలేదు. రెండో రోజు కోచ్ టీమ్ అందరి ముందూ ఆ కాల్ గురించే మాట్లాడి ఆ అబ్బాయిని మెచ్చుకున్నారట. ఆ విషయం వచ్చి మాకు చెప్పింది మావాడే. ఆ తర్వాత ఎప్పుడూ పార్టనర్ గురించి ఆ మాట అనలేదు.

ఆట మాత్రం చేజారింది. 5-5 దగ్గర గాలికి ఎదురుగా మావాడి సర్వ్. సర్వ్ కోసం బంతిని పైకి వేసే టాస్‌ని బాగా ఎత్తుకి వేసే అలవాటు వాడిది, గాలికి బంతి తల వెనక్కి పోతోంది. టాస్ బాగా పడకపోతే కొట్టకుండా పట్టుకుని మళ్లీ వేసుకోవచ్చు, రాకెట్ ఊపనంతవరకు అది ఫాల్ట్ కాదు. వాడికిది తెలుసు. కానీ ఫెన్స్ దగ్గర అంతమంది ఉండేసరికి మొహమాటపడి, వంకర టాస్‌నే కొట్టేస్తూ డబుల్ ఫాల్టులు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం) చేశాడు. ఆఖరికి 30-40 దగ్గర రిటర్న్ మళ్లీ మధ్యలోకే వచ్చింది. ఇద్దరి రాకెట్లూ సగం లేచి ఆగిపోయాయి. బంతి ఇద్దరి మధ్య నుంచి దర్జాగా వెళ్లిపోయింది. అరిచే అబ్బాయి కూడా ఆసారి అరవలేదు. తర్వాతి గేమ్ వాళ్లు తమ సర్వ్‌తో గెలిచి 7-5తో ముగించారు. టీమ్ 2-3తో ఓడింది.

ఆ వారం ప్రాక్టీసులో కోచ్ స్ట్రోకుల జోలికి వెళ్లలేదు. నాకు బాగా నచ్చింది అదే. మధ్యలోకి వచ్చే బంతి ఎవరిదో ముందే తేల్చేశారు: ఎవరి ఫోర్‌హ్యాండ్ మధ్య వైపు ఉంటే వాళ్లది, ఇక చర్చ లేదు. ఇద్దరూ కదిలి రాకెట్లు గుద్దుకున్నా ఫర్వాలేదు గానీ ఇద్దరూ ఆగిపోకూడదు అన్నారట. ఫస్ట్ సర్వ్ ముప్పావు వేగంతో కొట్టి లోపల వెయ్యమన్నారు. డబుల్స్‌లో ఫస్ట్ సర్వ్ లోపల పడితే నెట్ దగ్గరున్న పార్టనర్‌కి పని దొరుకుతుంది. సెకండ్ సర్వ్ అనేసరికి అవతలివాడు రెండడుగులు ముందుకొచ్చి కాచుకుని ఉంటాడు. గాలి ఉన్న రోజు టాస్ తక్కువ ఎత్తుకి వెయ్యాలి. బాగా పడని టాస్‌ని పట్టుకోవడం కూడా ప్రాక్టీసు చేయించారు, టీమ్ అంతా చుట్టూ నిలబడి చూస్తుండగా. వినడానికి చిన్న విషయమే. మావాడి మొహమాటం వదిలింది మాత్రం అక్కడే.

ఇంకొకటి, స్కోరు. సర్వ్ చేసేవాడు ప్రతి పాయింట్ ముందు స్కోరు పైకి, అవతలివాళ్లకి వినిపించేలా చెప్పాలి. మెల్లగా మాట్లాడే మన పిల్లలు ఇది నోట్లోనే గొణుక్కుంటారు. మూడు గేముల తర్వాత ‘థర్టీ ఆలా, ఫార్టీ ఫిఫ్టీనా’ అని గొడవ వస్తే గట్టిగా మాట్లాడేవాడి మాటే చెల్లుతుంది. మొదటి మ్యాచ్‌కి ముందు ఇంట్లో మీరు నేర్పగలిగింది ఇదే. టెన్నిస్ తెలియని అమ్మానాన్నలు కూడా నేర్పొచ్చు.

ఫెన్స్ బయట మన ప్రవర్తన గురించి కూడా చెప్పాలి, మీకు ఇది కొత్త కాబట్టి. కోర్టులో వైపులు మారే విరామంలో కోచ్ వచ్చి మాట్లాడతారు, తల్లిదండ్రులు సలహాలివ్వకూడదు. తెలుగులో ‘బ్యాక్‌హ్యాండ్‌కి కొట్టరా’ అంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవాళ్లు ఉన్నారు. సెంట్రల్ జెర్సీలో అవతలి కోర్టులో ఉన్న పిల్లాడు కూడా తెలుగువాడే అయ్యే అవకాశం చాలా ఎక్కువ, వాళ్ల నాన్న మీ పక్కనే నిలబడి ఉంటారు. చప్పట్లు కొట్టండి, మంచి షాట్ ఎవరు కొట్టినా కొట్టండి. మీ పిల్లాడి కోర్టు అయిపోగానే కారెక్కించి తీసుకెళ్లిపోకండి. మిగతా కోర్టుల్లో ఆట నడుస్తుంటే అక్కడ నిలబడి అరవడం టీమ్ పిల్లల మధ్య చాలా పెద్ద విషయం. ఎవరున్నారో, ఎవరు వెళ్లిపోయారో వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. దుప్పట్లు, ఫ్లాస్కులో టీ, పిల్లాడికి ఒక పొడి జాకెట్ మర్చిపోకండి. ఏప్రిల్‌లో సూర్యుడు దిగాక అక్కడ నిలబడటం మాటలు కాదు.

మే నెలలో అదే స్కూల్‌తో మళ్లీ ఆడారు. ఈసారి మా కోర్టుల్లో. సెకండ్ డబుల్స్ మావాళ్లు రెండు సెట్లలో గెలిచారు, మధ్యలోకి వచ్చిన ప్రతి బంతికీ ఎవరో ఒకరు ముందుకు దూకారు. టీమ్ మాత్రం మళ్లీ 2-3తో ఓడింది, వాళ్ల సింగిల్స్ గట్టివి. ఆ రోజు మావాడు తన గెలుపు గురించి మాట్లాడింది తక్కువ, మూడో సెట్లో ఓడిపోయిన థర్డ్ సింగిల్స్ స్నేహితుడి గురించి మాట్లాడింది ఎక్కువ. టోర్నమెంట్ల చుట్టూ తిరిగిన ఏళ్లలో వాడి నోటి నుంచి ఇంకొకరి మ్యాచ్ గురించి అంతసేపు వినలేదు. నాకు ఆ సీజన్‌లో దక్కిన గొప్ప సంతోషం అదే.

మీ రెండో ప్రశ్న. కోచ్‌తో మాట్లాడొచ్చు, కానీ మీరు కాదు, మీ బాబు. ఈమెయిల్ కూడా వద్దు. సింగిల్స్ వరుస ఆట బలాన్ని బట్టి ఉండాలి, బలమైనవాణ్ని దాచి కింద ఆడించడం నిబంధనలకి విరుద్ధం. అందుకే చాలా స్కూళ్లలో ఆ వరుస తేల్చడానికి టీమ్ పిల్లల మధ్యే ఛాలెంజ్ మ్యాచ్‌లు పెడతారు. మీ బాబు ప్రాక్టీసు అయ్యాక కోచ్ దగ్గరికి వెళ్లి ‘సింగిల్స్‌లోకి రావాలంటే నేను ఏం మెరుగుపరచుకోవాలి, ఛాలెంజ్ మ్యాచ్ ఎప్పుడు అడగొచ్చు’ అని మర్యాదగా అడిగితే చాలు. పద్నాలుగేళ్ల పిల్లాడికి పెద్దవాళ్లతో తన మాట తను చెప్పుకోవడం రావాలి. మ్యాచ్ జరిగిన రోజు మాత్రం అడగనివ్వకండి, ఓడిన రోజు అసలు వద్దు. మీరు కోచ్‌ని కలవాల్సింది గాయం, ఆరోగ్యం, చదువు లాంటి విషయాలకే అని నా అభిప్రాయం.

ముందు ముందు కాలేజీలో ఆడాలన్న ఆలోచన ఉంటే కూడా ఈ డబుల్స్ వృథా పోదు. అక్కడ టీమ్ మ్యాచ్‌లో ఆరు సింగిల్స్‌కి ఆరు పాయింట్లు, మూడు డబుల్స్ కోర్టులు కలిపి ఒక పాయింటు. నాలుగు పాయింట్లు కావాల్సిన చోట ఆ ఒక్క పాయింటు కోసం ఎంత కొట్లాడతారో ఒకసారి దగ్గర్లోని యూనివర్సిటీ మ్యాచ్‌కి తీసుకెళ్లి చూపించండి. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్, రట్గర్స్ రెండూ అందుబాటులోనే ఉన్నాయి.

మొదటి మ్యాచ్ వచ్చే వారమే అన్నారు కాబట్టి ఇప్పుడు పనికొచ్చేది ఒక్కటి చెబుతాను. ఈ శని, ఆదివారాల్లో అకాడమీ క్లాస్ ఒకటి మానిపించి, మీ బాబునీ పార్టనర్‌నీ టౌన్ పార్కు కోర్టుకి తీసుకెళ్లండి. ఎంత గాలి ఉంటే అంత మంచిది. ర్యాలీలు వద్దు. ఒకరు సర్వ్, ఇంకొకరు రిటర్న్, తర్వాత మార్చుకోవడం, ప్రతి పాయింట్‌కీ స్కోరు పైకి చెప్పడం. ఆఖర్లో మీరే నెట్ అవతల నిలబడి బుట్టలోంచి బంతులు వాళ్లిద్దరి మధ్యలోకి విసరండి, ‘మైన్’ అన్న కేక ముందు వినిపించాలి, ఆ తర్వాతే షాట్. గంట చాలు. అయ్యాక ఇద్దరికీ కడుపు నిండా తినిపించి పంపండి.